దున్నపోతు విన్న పద్యం

దున్నపోతు మీద వాన కురిసినట్టు అనే సామెతను పుట్టించిన మహానుభావుడెవరో గాని, చిక్కడపల్లి సందుల్లోకి ఎన్నడూ వచ్చి ఉండడు. వచ్చి ఉంటే లెంపలేసుకుని ఆ మాట వెనక్కి తీసుకునేవాడు. ఇక్కడ బర్రెలు పెంచుకునే ముత్యాలు కొట్టంలో సింగడని ఒక దున్నపోతు ఉన్నాడు. ‘ఉంది’ అనకూడదు, ఆ ఇంట్లో ఎవరూ అలా అనరు. సింగడు పద్యం వింటాడు. వినడమంటే చెవులూపి ఊరుకోవడం కాదు. సదర్ పండుగ సాయంత్రం ముత్యాలు తండ్రి లక్ష్మయ్య ఎదురుగా నిలబడి పద్యమెత్తుకుంటే, ఆఖరి పాదం ముగిసే వేళకు ముందరి కాళ్లు రెండూ గాల్లోకి లేపి, అంత శరీరాన్నీ వెనక కాళ్ల మీద నిలబెడతాడు. అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు, నల్లకుంట చుట్టాలు, ఎదురింటి మేడల మీది ఆడవాళ్లు, అందరూ కళ్లారా చూసిన సంగతే. నమ్మకపోతే మీ ఇష్టం.

సదర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది గాని, చెప్పకపోతే కథ నడవదు. దీపావళి వెళ్లిన రెండోనాడు పాడి మీద బతికే యాదవుల ఇళ్లలో దున్నపోతులకు జరిగే పండుగ అది. ఏడాది పొడుగునా పాలిచ్చే బర్రెలకే మర్యాదలన్నీ. ఆ ఒక్కరోజు మాత్రం దున్నపోతు పెండ్లికొడుకు. ఒళ్లంతా నూనె పట్టించి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టీ, పూలదండలు, కాళ్లకు గజ్జెలు కట్టి, తీన్మార్ డప్పులతో నారాయణగూడ చౌరస్తాకు తీసుకుపోతారు. పైన మెట్రో రైలు పోతుంటుంది, కింద దున్నపోతు రాజులా నడుస్తుంటుంది. పట్నంలో ఆచారాలు చచ్చిపోయాయని ఏడ్చేవాళ్లను ఆ సాయంత్రం అక్కడ నిలబెట్టాలి. నోరు మూతపడుతుంది.

ముత్యాలు ఇంట్లో దానికి ముందు ఇంకో రివాజు ఉంది. దున్న నారాయణగూడకు కదిలే ముందు సొంత సందులో, సొంత గుమ్మం ముందు నిలబడాలి. ఇంటి పెద్ద పద్యం చదవాలి. దున్న లేవాలి. లేచాకే ఆడవాళ్లు హారతి పడతారు. లక్ష్మయ్య తండ్రి కాలం నుంచీ ఇంతే. పాత దున్నలను ముకుతాడు లాగి, కర్ర చూపించి లేపేవాళ్లు. సింగడికి మాత్రం కర్ర చూపించిన పాపాన ఎవరూ పోలేదు. పద్యమే వాడికి కర్ర, పద్యమే వాడికి తాడు.

లోకం అలా అనుకుంటుంది. అసలు సంగతి తెలిసింది ఒక్క స్వరూపకే.

స్వరూప ముత్యాలు భార్య, లక్ష్మయ్య కోడలు. సింగడు పుట్టిన రోజే తల్లి బర్రె చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి, జ్వరమొస్తే గోనెపట్టా కప్పి, ఒళ్లో పెట్టుకోవడం ఒక్కటే తక్కువగా పెంచింది. దుడ్డెగా, అంటే దూడగా ఉన్నప్పుడు వాడికి మలీద ముద్ద అలవాటు చేసింది. సజ్జరొట్టెలు వేడివేడిగా నలిపి, బెల్లం, నెయ్యి, వేయించిన నువ్వుల పొడి వేసి పిసికి కట్టిన ముద్ద. ఆ వాసన వస్తే సందు మొదట్లో ఉన్న మనుషులకే నోరూరుతుంది, ఇక దుడ్డె సంగతి చెప్పాలా? స్వరూప ముద్దను తన తల మీదుగా పైకెత్తి పట్టుకుంటే చాలు, ముందరి కాళ్లు గోడ మీద వేసి నిలబడేవాడు. ఆ తర్వాత గోడ కూడా అక్కర్లేకపోయింది.

సింగడి మొదటి సదర్ నాడు లక్ష్మయ్య కొత్త పద్యం కట్టుకొచ్చాడు. మూడు పాదాలు చదివాడు. సింగడు నెమరు వేస్తూ నిలబడ్డాడు. వెనక ఎవడో పోకిరీ ‘తాతా, వాడికి తెల్గు రాదేమో’ అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వుకు మామ ముఖం నల్లబడటం స్వరూప చూసింది. కరెంటు స్తంభం పక్కన నిలబడి ఉంది తను. కొంగులో సింగడి కోసం కట్టుకొచ్చిన ముద్ద ఉంది. ఆలోచించలేదు. మామ నాలుగో పాదం మీద రాగం తీస్తుండగా, ముద్ద తీసి చెయ్యి పైకెత్తింది. సింగడు లేచాడు. కళ్లన్నీ దున్న మీదే ఉన్న జనం కేరింతలు కొట్టారు. ‘పద్యానికి లేసిండు! తాత పద్యానికి లేసిండు!’ అని అరిచారు. లక్ష్మయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూశాక నిజం చెప్పడానికి ఏ కోడలికి నోరొస్తుంది?

అప్పటి నుంచి ప్రతి సదర్‌కూ అదే స్తంభం, అదే కొంగు, అదే ముద్ద. పద్యం మాత్రం ఎప్పటికప్పుడు మెరుగు పడుతూ వచ్చింది. ఆఖరి పాదం చివర లక్ష్మయ్య తీసే రాగం ఎంత పొడుగో చెప్పలేం. ఎదురింటి మనోరమ టీచరు గాన సభలో కచేరీలు వదలకుండా వినే మనిషి. ఆవిడే ఒకసారి అంది, ‘అమ్మా స్వరూపా, మీ మామగారి దమ్ము చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఆ చివర ఎక్కడ ఆపాలో ఆయనకు ఎంత బాగా తెలుసో!’ అని. ఒక ఏడాది కొంగు ముడి పడిపోయి ఊడి రాలేదు. స్వరూప చెమటలు కక్కుతూ పళ్లతో ముడి లాగుతుంటే, దేవుడి దయ, ఆ ఏడు మామ రాగం ఎన్నడూ లేనంత సాగింది. జనం ఈలలు వేశారు. ఆమె ముడి విప్పి చెయ్యెత్తాకే రాగం ఆగింది. ‘నా అదృష్టం’ అనుకుని ఆ రాత్రి దేవుడి దగ్గర ఒక కొబ్బరికాయ ఎక్కువ కొట్టింది.

ఇంత కష్టం ఎందుకంటారా? లక్ష్మయ్య అలాంటి మనిషి కాబట్టి. పడుచుతనంలో ఊళ్లో భాగోతాలాడిన వాడు. రాజు వేషం కట్టి దరువు వేస్తే చుట్టుపక్కల ఊళ్లు కదిలొచ్చేవట. బర్రెలతో పట్నం వచ్చి పడ్డాక ఆ పద్యాలు వినే నాథుడు లేడు. పొద్దున్నే కొట్టంలో పాలు పిండుతూ పాడుకునేవాడు. స్వరూప కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో పుట్టింటి మీద బెంగతో కొట్టంలో కూర్చుని ఏడుస్తుంటే, ఎందుకేడుస్తున్నావని అడగలేదు ఆయన. ఆమె ఊరి పేరు, ఊరి వాగు పేరు, ఆమె తమ్ముడి చప్పిడి ముక్కు అన్నీ కలిపి అప్పటికప్పుడు ఒక పద్యం కట్టి బర్రెకు వినిపించాడు. ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది స్వరూప. ఆనాటి నుంచి పొదుగు కింద పాలధార చప్పుడు, మామ పద్యం, ఈ రెండూ లేకుండా ఆమెకు తెల్లారలేదు. కోడలిని కూతురిలా చూసుకున్నాడని అందరూ అంటారు గాని, మాటలతో అనేవాళ్లు వేరు, పద్యంతో చూసుకునేవాళ్లు వేరు.

అలాంటి లక్ష్మయ్య ఈ వానాకాలంలో మంచాన పడ్డాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. దవాఖానాలో చాలా రోజులుంచి పంపారు. ఇంటికొచ్చిన మనిషికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నాడు. బతుకమ్మ పోయింది, దసరా పోయింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కిన ముత్యాలుతో లక్ష్మయ్య మెల్లగా అన్నాడు.

“సదర్‌కు పద్యం నేనే సదువుత.”

“నాయినా, డాక్టర్ ఏమన్నడో మర్సిపోయినవా? ఫోన్ల నీ పాత పద్యం ఉన్నది. డీజే పెట్టెల పెడ్త. సింగడు నీ గొంతు గుర్తువట్టి లేస్తడు.”

“పెట్టెల పద్యం పెడ్తవురా? రేపు నేను సచ్చినంక పెట్టుకో. నిలవడి సదివే దమ్ము లేని నాడు నా పద్యం ఎందుకు? ఈసారి వాడు లేసిండనుకో, నా పద్యం నిలవడ్డట్టే. లేవలేదనుకో, ఇగ ఈ ఇంట్ల పద్యం మాట ఎత్తద్దు. కర్రతోనే లేపుకోండ్రి.”

ఆ మాట స్వరూప చెవిన పడింది. సింగడు లేస్తాడు, ముద్ద చూపిస్తే ఎందుకు లేవడు? కానీ లేవకపోతే ఈ ముసలాయన ఇక పద్యం పాడడు. పద్యం పాడని లక్ష్మయ్య ఎన్నాళ్లు ఉంటాడో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

దీపావళి దగ్గర పడింది. తెల్లవారుజామున సన్నని చలి మొదలైంది. నారాయణగూడ బండ్ల మీద సీతాఫలాలు కుప్పలు పోశారు. బర్రెల వీపుల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. పాలు చిక్కబడే కాలం, వెన్న బాగా పడే కాలం, మనిషికి ఆకలి బాగా వేసే కాలం. ఏడాదిలో ఇంత మంచి రోజులు మళ్లీ రావు. అలాంటి ఒక పొద్దున స్వరూప సింగడికి ముద్ద తెచ్చింది. పై గదిలో కిరాయికుండే వెంకటేశ్ అక్కడే గడ్డివాము పక్కన పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. నర్సంపేట వైపు పిల్లవాడు, గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నాడు. లైబ్రరీలో ఫ్యాన్ల చప్పుడుకు చదువు ఎక్కడం లేదని, కొట్టంలో వాసనకు బాగా ఎక్కుతోందని అతని సిద్ధాంతం. లక్ష్మయ్య పద్యాలను ఫోన్లో ఎక్కించిందీ అతనే. తాతంటే పడి చస్తాడు.

స్వరూప అతన్ని గమనించలేదు. ముద్ద పైకెత్తింది. సరిగ్గా అప్పుడే వెంకటేశ్ కళ్లు మూసుకుని గట్టిగా వల్లించాడు.

“రాష్ట్రపతిని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీలో పార్లమెంటు ఉభయ సభల ఎన్నికైన సభ్యులు...”

సింగడు లేచి నిలబడ్డాడు.

వెంకటేశ్ కళ్లు తెరిచాడు. పుస్తకం చేతిలోంచి జారి పేడలో పడింది. దున్నను చూశాడు, ముద్దను చూశాడు, ముద్ద పట్టుకున్న స్వరూపను చూశాడు. గ్రూప్స్‌కు చదివే బుర్ర, ఎంతసేపు పడుతుంది?

“అక్కా! అంటే ఇన్నేండ్ల సంది...”

“ఒర్రకురా! నీ కాళ్లు మొక్కుత.”

“తాత పద్యానికి కాదా? నీ ముద్దకా?”

“వెంకటేశూ, ఈ మాట నీ నోట్ల నుంచి బయటికొచ్చిందో, కిరాయి ఖాళీ చేపిస్త. తాత చెవిన పడ్డదంటే ఆయన బతకడు.”

అతని నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆ పొద్దున స్వరూప కళ్లు చూసి, పుస్తకం పేడ తుడుచుకుంటూ ఒట్టేశాడు. ఒట్టేసి, ‘రాజ్యాంగానికి లేసిన దున్న ఇదొక్కటే కావొచ్చక్కా’ అని నవ్వాడు. స్వరూప పైకి నవ్వలేదు. నోరు మూసుకుని నవ్వును ఆపుకుందని నా అనుమానం.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. పోయిన ఏడాది సింగడు లేచినప్పుడు ఫోన్లు పట్టుకుని మీదికొచ్చిన జనంలో ఒక పిల్లవాడు వాడి కాళ్ల కింద పడబోయాడు. అందుకని ఈసారి ముత్యాలు గట్టి బందోబస్తు పెట్టాడు. సింగడి చుట్టూ మోకు కట్టించాడు. మోకు లోపల లక్ష్మయ్య, తాడు పట్టుకునే ఇద్దరు మనుషులు, అంతే. ఆడవాళ్లంతా అరుగు మీద హారతి పళ్లాలతో నిలబడాలి. కరెంటు స్తంభం కూడా మోకు లోపలికే పోయింది, అరుగేమో సింగడి వీపు వెనక. అక్కడి నుంచి చెయ్యెత్తితే వాడికి కనపడదు.

“నేను ఎప్పట్లెక్క స్తంభం కాడ నిలవడ్త” అంది స్వరూప, మాటల్లో మాటగా.

“నీకేం పని ఆడ? ఇంటి కోడలివి, హారతి నువ్వే ముందు పట్టాలె. నిన్ను లోపలికి రానిస్తే ఇరవైమంది ఆడోళ్లు అచ్చి మాకెందుకద్దంటరు.”

నిజం చెప్పేద్దామనుకుంది. నోటిదాకా వచ్చింది. ముత్యాలు అప్పుడు సింగడి మెడకు గవ్వల పట్టీ కొలుస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు, “అందరి దున్నలు కర్రకు లేస్తయి. మా నాయిన పద్యానికి లేస్తడు మా సింగడు. నేనేం సదువుకోలే, నాకేం రాదు. గీ ఒక్కటి చెప్పుకొని తలెత్తుకొని తిరుగుత.” చెప్పాలనుకున్నది స్వరూప లోపలికి మింగేసింది. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆ రోజు తెలిసొచ్చింది.

వెంకటేశ్‌ను మోకు లోపల వాలంటీరుగా నిలబెడితే? మర్నాడే పరీక్ష చేశారు. వెంకటేశ్ ముద్ద పట్టుకుని చెయ్యెత్తాడు. సింగడు ఒకసారి వాసన చూసి, పెద్దమనిషి తరహాలో ముఖం తిప్పుకున్నాడు. స్వరూప గాజుల చెయ్యి కాకపోతే వాడికి మలీద కూడా గడ్డితో సమానమే. నాకు ఆ దున్నంటే గౌరవం పెరిగింది అక్కడే.

సదర్ రోజు వచ్చింది. పొద్దున్నుంచీ సింగడికి స్నానం, నూనె, రంగులు. నాలుగు దాటేసరికి సందంతా మనుషులే. డప్పుల వాళ్లు చలిమంట దగ్గర డప్పులు కాచుకుంటున్నారు. అరుగు మీద ఆడవాళ్లు, వాళ్ల మధ్య పట్టుచీర కట్టుకుని, హారతి పళ్లెం పట్టుకుని స్వరూప. కొంగులో ముద్ద మాత్రం కట్టుకునే వచ్చింది. చెయ్యి అలవాటు, అంతే.

లక్ష్మయ్యను ముత్యాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తెల్ల ధోతి, తెల్ల అంగీ, తలకు ఎర్ర రుమాలు. మనిషి సగమయ్యాడు గాని, ఆ రుమాలు చుట్టుకోగానే నడుము నిటారుగా నిలబడింది. డప్పులు ఆగాయి. ఎవరో ఈలెయ్యబోతే పక్కవాడు నెత్తి మీద ఒక్కటిచ్చాడు. లక్ష్మయ్య సింగడి నుదుటి మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

నల్ల మబ్బు వోలె నడిచి వచ్చెడి రాజ!
గడ్డి తిన్న ఋణము గడపకిచ్చి,
సదరు పొద్దు నీవు చదలు ముట్టగ రమ్ము...

గొంతు సన్నబడింది, నిజమే. కానీ ఒక్క అక్షరం తొణకలేదు. ‘చదలు’ అన్నచోట ఆకాశాన్ని చూపిస్తూ చెయ్యి పైకెత్తిన తీరుకు, అర్థం తెలియని వాళ్లు కూడా తలెత్తి పైకి చూశారు. అరుగు మీద స్వరూప పక్కన నిలబడిన మనోరమ టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మూడు పాదాలూ దాటాయి. ఇక నాలుగోది.

లెమ్ము సింగ! జనులు లేచి చూడ...

‘చూ’ మీద రాగం మొదలైంది. సన్నని దారంలా సాగుతోంది. సింగడు కదల్లేదు. రాగం సాగుతోంది. సింగడు తోక ఊపాడు. లక్ష్మయ్య మెడ నరాలు పొంగాయి. ఆపడేమిటి ఈయన? ఎందుకాపడు? దమ్ము లేని మనిషి, డాక్టరు వద్దన్న మనిషి, పాదం అయిపోయింది కదా, ఆపొచ్చు కదా! స్వరూప మనసులో ‘ఆపు మామా, ఆపు’ అని అరుస్తూ ఆయన ముఖం వైపు చూసింది.

అప్పుడు కనిపించింది ఆమెకు. లక్ష్మయ్య సింగడిని చూడటం లేదు. ఆయన కళ్లు కరెంటు స్తంభం పక్కన ఖాళీగా ఉన్న చోట నిలిచాయి. అక్కడి నుంచి మోకు వెంబడి, జనం ముఖాల మీదుగా వెతుక్కుంటూ వెతుక్కుంటూ వస్తున్నాయి. ఒక చెయ్యి కోసం వెతుకుతున్నాయి.

పళ్లతో కొంగు ముడి లాగిన ఆ ఏడాది ఒక్క క్షణంలో స్వరూప కళ్లముందు తిరిగింది. హారతి పళ్లెం మనోరమ టీచరు చేతుల్లో పెట్టి, అరుగు మీంచి దూకింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, జనాన్ని తోసుకుంటూ మోకు కిందుగా దూరింది. ముత్యాలు ‘ఏయ్, ఏంది? ఎటు?’ అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిని పక్కకు నెట్టేసింది. పెండ్లయిన ఇన్నేళ్లలో మొగుడి మాట నలుగురిలో తోసెయ్యడం అదే మొదలు. వెనక నుంచి వెంకటేశ్ ‘పోనియ్యన్నా, జర పోనియ్యి!’ అని కేక పెట్టాడు.

ఆమె స్తంభం దగ్గరికి చేరేసరికి రాగం తెగిపోయింది. లక్ష్మయ్యకు దగ్గు తెర వచ్చింది. వంగిపోయి సింగడి కొమ్ము పట్టుకుని నిలదొక్కుకున్నాడు. సందంతా చడీచప్పుడు లేదు. దూరాన నారాయణగూడ డప్పులు వినిపిస్తున్నాయి. కొందరు తలలు దించుకున్నారు. పోయినట్టే, పద్యం ఓడిపోయినట్టే అనుకున్నారు.

లక్ష్మయ్య తలెత్తాడు. ఎదురుగా కోడలు. ఆమె వేళ్లు కొంగు ముడి విప్పుతున్నాయి. ఆ వేళ్లను చూసి ముసలాయన నవ్వాడు.

“అచ్చినవా బిడ్డా” అన్నాడు, ఆయాసపడుతూ. గొంతు చిన్నదే అయినా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది. “ఇన్నేండ్లు నీ చెయ్యి లేసేదాక నేను రాగం తీసిన. ఇయ్యాల నా దమ్ము సాలుతలేదు. నువ్వు తియ్యి.”

స్వరూపకు ఏడుపు పొంగుకొచ్చింది. నలుగురిలో పాడటమా? కొట్టంలో బర్రెల ముందు కూనిరాగం తీయడం తప్ప గొంతెత్తి ఎరగదు. కానీ పద్యం ఆమెకు రాదా? ఎన్ని తెల్లవారుజాములు విన్నదో, దాని ప్రతి మలుపూ ఆమె నోటికి తెలుసు. కళ్లు తుడుచుకుంది. ముద్ద దాచుకోలేదు. అందరికీ కనపడేలా అరచేతిలో పెట్టుకుంది.

“లెమ్ము సింగ! జనులు లేచి చూడ...”

మొదట గొంతు జీరపోయింది. తర్వాత నిలబడింది. లక్ష్మయ్య ఎక్కడ మలుపు తిప్పుతాడో అక్కడే తిప్పింది, ఎక్కడ పైకి పోతాడో అక్కడే పోయింది. లక్ష్మయ్య కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. రాగంతో పాటే ఆమె చెయ్యి పైకి లేచింది. గాజులు గలగలమన్నాయి.

సింగడు లేచాడు. అబ్బ, ఏమి లేవడం అది! గజ్జెలు ఘల్లుమని, గవ్వలు తళుక్కుమని, నల్లగా నిగనిగలాడుతూ ఆ సందులోని మేడలన్నీ చిన్నబోయేలా లేచాడు. ముందరి కాళ్లు గాల్లో ఉండగానే నాలుక చాచి ముద్ద అందుకున్నాడు. రెండు వైపులా మేడల మీంచి పూలు కురిశాయి. డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. ముద్ద కోసమే లేచాడని అందరూ చూశారు, అయినా ఒక్కరంటే ఒక్కరు వంక పెట్టలేదు. ‘మామ పద్యం, కోడలి రాగం’ అని గంతులేస్తూ అరిచినవాడు ముత్యాలే. కళ్లనీళ్లు అంగీ చేతికి తుడుచుకుంటూ అరిచాడు.

హారతులయ్యాయి. సింగడు డప్పుల వెంట నారాయణగూడ వైపు కదిలాడు. జనమంతా వాడి వెంట పోయింది. సందు ఖాళీ అయ్యాక లక్ష్మయ్య అరుగు మీద కూలబడ్డాడు. స్వరూప గోరువెచ్చని నీళ్లు తెచ్చిచ్చి, ఆయన కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుంది. ముసలాయన గుటకలు గుటకలుగా తాగాడు. ఆయాసం తగ్గింది. అప్పుడు స్వరూప అడిగింది.

“ఎప్పటి సంది ఎర్క మామా?”

“మొదటి సదర్ నాటి సంది. నువ్వు చెయ్యెత్తంగ సూడలేదనుకున్నవా?”

“మరి ఒక్క మాటన్న అనకపోతివి. నేనేమో వాడు నీ పద్యానికి లేస్తడని నువ్వు నమ్ముతున్నవని, ఆ నమ్మకం పోతే నువ్వు...”

లక్ష్మయ్య ఖాళీ గ్లాసు కింద పెట్టి, కోడలి తల మీద చెయ్యి వేశాడు.

“పద్యం ఇని లేసే దున్నపోతు యాడన్న ఉంటదా, పిచ్చిదానా? ముద్ద వానికి. పద్యం నీకు.”